కేసు కొట్టేశారు సరే, కాగితాలు ఎక్కడ?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా తమ్ముడు ఎమ్మెస్ కోసం ఇక్కడికే వచ్చాడు. పోయిన ఏడాది ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకవుట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చెయ్యలేదని ఆపేశారు. మొత్తం 130 డాలర్ల సామాను. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. ఒక రాత్రి కౌంటీ జైల్లో ఉండి మర్నాడు బాండ్ మీద బయటికొచ్చాడు. లాయర్‌ని పెట్టాం, ఏవో క్లాసులు చేయించారు, మొన్ననే కేసు డిస్మిస్ అయింది. హమ్మయ్య అనుకునేలోపే, జైల్లో తీసిన ఫోటో ఏదో వెబ్‌సైట్‌లో ఉందని బంధువులెవరో ఖమ్మంలో ఉన్న నాన్నకి వాట్సాప్‌లో పంపారు. ఆయనకి నిద్ర లేదు. తమ్ముడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. హెచ్1బీ వేస్తామంటున్నారు, తర్వాత వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లాలి. షెరీఫ్ ఆఫీసు నుంచి ఫోటో, అరెస్టు రికార్డులు తెచ్చి పెట్టుకోమని ఒకరంటారు. అస్సలు కదిలించొద్దు, ఎక్స్‌పంక్షన్ (కోర్టు ద్వారా రికార్డు చెరిపించడం) చేయించి మర్చిపొమ్మని ఇంకొకరంటారు. రికార్డులు అడిగితే కేసు తిరగదోడతారా? ఎవరిని అడగాలి? నేను అడగొచ్చా, వాడే అడగాలా? ఫోటో తీసేయాలంటే డబ్బు కట్టమని ఒక మెయిల్ కూడా వచ్చింది. టెన్షన్‌గా ఉంది.
– ఒక అక్క, టెక్సాస్

సమాధానం: మీకు సలహా చెప్పిన ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. రికార్డులు తీసుకోవాల్సిందే. అర్హత ఉంటే ఎక్స్‌పంక్షన్ కూడా చేయించుకోవాల్సిందే. చిక్కంతా వరస దగ్గరే. ముందు కాగితాలు చేతికి రావాలి, చెరిపించడం ఆ తర్వాత. ఇది తిరగేసి చేసినవాళ్లు గ్రీన్‌కార్డు దశకి వచ్చాక తలపట్టుకుంటున్నారు.

ఎందుకో చెబుతాను. టెక్సాస్‌లో కోర్టు ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ ఇస్తే పోలీసులు, షెరీఫ్, ప్రాసిక్యూటర్, క్లర్కు, అందరూ ఆ అరెస్టు రికార్డుల్ని నాశనం చెయ్యాలి, లేదా కోర్టుకి అప్పజెప్పాలి. ఆర్డర్ సంగతి తెలిసీ ఏ ఉద్యోగైనా ఆ వివరాలు బయటపెడితే అదే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న తరహా) నేరం. అంత గట్టి చట్టం. కాబట్టి ఎక్స్‌పంక్షన్ అయ్యాక మీ తమ్ముడు కౌంటర్ దగ్గరికెళ్లి ‘నా కేసు కొట్టేసినట్టు కాగితం ఇవ్వండి’ అంటే, ‘ఆ పేరుతో ఏ కేసూ లేదే’ అంటారు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అది హాయి. ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం అదే పెద్ద తలనొప్పి.

వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే, మీరెప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. గ్రీన్‌కార్డుకి వేసే ఐ-485లోనూ, పౌరసత్వానికి వేసే ఎన్-400లోనూ ‘ఎప్పుడైనా’ అనే అడుగుతారు. కేసు డిస్మిస్ అయినా, రికార్డు చెరిపేసినా ‘అవును’ అనే రాయాలి. ఎక్స్‌పంక్షన్ తర్వాత ఆ అరెస్టు జరగనే లేదని చెప్పుకునే వెసులుబాటు టెక్సాస్ చట్టమే ఇస్తుంది, నిజమే. కానీ అది రాష్ట్రం ఇచ్చిన వెసులుబాటు, ఫెడరల్ ఫారాల దగ్గర చెల్లదు. అక్కడ ‘లేదు’ అని టిక్కు పెడితే, 130 డాలర్ల సామాను గొడవ కాస్తా వీసా కోసం అబద్ధం చెప్పాడన్న ముద్రగా మారుతుంది. ఆ ముద్ర జీవితాంతం అడ్డుపడగలదు. కొట్టేసిన చిన్న కేసు అంత పని చెయ్యదు.

‘వాళ్లకెలా తెలుస్తుందిలే’ అనేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. జైల్లో బుకింగ్ చేసేటప్పుడు తీసుకున్న వేలిముద్రలు రాష్ట్ర డీపీఎస్‌కి (పబ్లిక్ సేఫ్టీ శాఖ), అక్కడి నుంచి ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. రేపు వీసా అపాయింట్‌మెంట్‌లో వేళ్లు పెట్టగానే అవే ముద్రలు కలుస్తాయి. 2025 ఏప్రిల్‌లో దేశమంతటా వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల స్టేటస్ చూపే ప్రభుత్వ రికార్డులు) ఉన్నట్టుండి రద్దయ్యాయి, గుర్తుందా? వాళ్ల పేర్లు ఎఫ్‌బీఐ నడిపే నేర సమాచార డేటాబేస్‌లో వెతికి, తగిలినవాళ్లని ఏరారు. కేసు కొట్టేసినవాళ్లూ, జరిమానాతో పోయినవాళ్లూ అందులో ఉన్నారు. కోర్టుల్లో వరసగా దావాలు పడ్డాక ఆ నెలాఖరుకి ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు తిరిగి పెట్టడం మొదలెట్టారు. డేటాబేస్‌లో అరెస్టు ఉంటుంది, దాని ముగింపు చాలాసార్లు ఎక్కి ఉండదు. ముగింపు చూపించే కాగితం మన దగ్గరుండాలనేది అందుకే.

ఇక ఎవరి దగ్గర ఏముంటుందో చూద్దాం. అన్నీ షెరీఫ్ దగ్గరే ఉంటాయనుకుని ఒకే చోట అడిగి ఊరుకుంటారు చాలామంది. స్టోర్‌కి వచ్చింది సిటీ పోలీసులు. ఏం జరిగిందో రాసిన రిపోర్టు వాళ్ల దగ్గరుంటుంది. జైలు నడిపేది కౌంటీ షెరీఫ్. ఆయన మన ఎస్పీలాగా ప్రభుత్వం వేసిన అధికారి కాదు, నాలుగేళ్లకోసారి జనం ఓటేసి ఎన్నుకునే మనిషి. టెక్సాస్‌లో 254 కౌంటీలుంటే ప్రతిదానికీ ఒక షెరీఫ్. బుక్-ఇన్ షీట్, బుకింగ్ ఫోటో, బాండ్ వివరాలు, ఎప్పుడు వదిలారన్న రికార్డు షెరీఫ్ ఆఫీసులో ఉంటాయి. కేసు ఫైలు, డిస్మిస్ చేసిన ఆర్డర్ కోర్టు క్లర్కు దగ్గరుంటాయి. ఈ మూడూ వేర్వేరు ఆఫీసులు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరు ఇవ్వరు, ‘మా దగ్గర లేదు’ అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు.

ఫ్రిస్కోవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. స్టోర్ రోడ్డుకి ఏ పక్కనుంటే ఆ కౌంటీ. స్టోర్ ఇంకో ఊళ్లో ఉంటే అసలు డాలస్ కౌంటీయే కావచ్చు. బాండ్ కాగితం మీద కౌంటీ పేరు, బుకింగ్ నంబర్ ఉంటాయి, ముందు అది వెతకండి. కొన్ని సిటీల పోలీసులకి సొంత లాకప్ ఉంటుంది. ముందు అక్కడ బుక్ చేసి, తర్వాత కౌంటీ జైలుకి పంపుతారు. అలాంటప్పుడు ఫోటోలు రెండుంటాయి, సిటీవాళ్లు తీసింది ఒకటి, షెరీఫ్‌వాళ్లు తీసింది ఒకటి. వెబ్‌సైట్‌లో ఉన్నది ఏదో పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

అడిగే పద్ధతి కష్టమేమీ కాదు. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ అని ఉంది, గవర్నమెంట్ కోడ్‌లో 552వ చాప్టర్. మన సమాచార హక్కు చట్టానికి చుట్టం అనుకోండి. అక్కడ 2005 చట్టంలో లాగే ఇక్కడా ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, వాళ్లు అడగకూడదు కూడా. ఒక తేడా ఉంది. మన ఆర్టీఐ వెయ్యాలంటే భారత పౌరులై ఉండాలి. టెక్సాస్‌లో పౌరసత్వంతో పని లేదు, వీసా ఏమిటని అడిగేవాళ్లు ఉండరు. ఖమ్మం నుంచి మీ నాన్నగారు మెయిల్ పెట్టినా లెక్కలోకి వస్తుంది. రాతపూర్వకంగా ఉండాలి, అంతే. షెరీఫ్ ఆఫీసు సైట్‌లో ఓపెన్ రికార్డ్స్ అన్న పేజీ ఉంటుంది. అక్కడి పోర్టల్‌లో గానీ, వాళ్లిచ్చిన మెయిల్‌కి గానీ, పోస్టులో గానీ పంపొచ్చు. ఫోన్ చేసి అడిగితే అది రిక్వెస్టు కింద లెక్క కాదు. షెరీఫ్ కింద పనిచేసే ఏ డిప్యూటీ ఎంత మర్యాదగా ‘సరే’ అన్నా గడువు మొదలవ్వదు.

‘రికార్డులు అడిగితే కేసు తిరగదోడతారా’ అన్నారు. తోడరు. ఆ రిక్వెస్టులు చూసేది రికార్డ్స్ విభాగం, కేసులు వేసేది డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు. రోజూ పాత్రికేయులు, ఇన్సూరెన్స్‌వాళ్లు, లాయర్లు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు ఇవే అడుగుతుంటారు. మీ మెయిల్ ఆ గుట్టలో ఒకటి. డిస్మిస్ చేసిన మిస్‌డిమీనర్‌ని రెండేళ్ల గడువు లోపల మళ్లీ వెయ్యడానికి కొన్ని సందర్భాల్లో చట్టం ఒప్పుకుంటుంది, కానీ దానికీ మీరు కాపీలు అడగడానికీ ముడి లేదు.

మీరు అడగొచ్చా, తమ్ముడే అడగాలా? ఎవరైనా అడగొచ్చు, కానీ తమ్ముడి చేతే అడిగించండి. 552.023 సెక్షన్ ప్రకారం తన గురించిన సమాచారం మీద మనిషికి, ఆ మనిషి రాసిచ్చిన ప్రతినిధికి బయటివాళ్ల కంటే ఎక్కువ హక్కుంది. బయటివాళ్లకి ప్రైవసీ పేరుతో కొట్టేసి ఇచ్చే పుట్టిన తేదీ లాంటివి తనకి కొట్టెయ్యకుండా ఇవ్వాలి. వాడికి తీరిక లేకపోతే సంతకం చేసిన ఆథరైజేషన్ లెటర్, ఐడీ కాపీ జత చేసి మీరు పంపండి.

ఇంగ్లిష్‌లో రాయాల్సిన ఉత్తరంలో సారాంశం ఇలా ఉండాలి:

‘టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఈ రికార్డులు కోరుతున్నాను. నా పేరు పాస్‌పోర్ట్‌లో ఇలా ఉంది, మీ రికార్డుల్లో ఇలా కూడా ఉండొచ్చు. పుట్టిన తేదీ ఇది. ఫలానా తేదీన ఫలానా సిటీ పోలీసులు అరెస్టు చేసి మీ జైలుకి తెచ్చారు. బుకింగ్ నంబర్ ఇది. నాకు కావలసినవి: బుక్-ఇన్ షీట్, బుకింగ్ ఫోటో, పెట్టిన ఆరోపణలు, బాండ్ వివరాలు, విడుదల తేదీ, సమయం చూపే రికార్డు. ఇవి నా గురించినవే కాబట్టి 552.023 కింద నాకున్న హక్కును కూడా వాడుకుంటున్నాను. సర్టిఫైడ్ కాపీలు కావాలి. ఖర్చు 40 డాలర్లు దాటేట్టయితే ముందు అంచనా పంపండి.’

ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయొద్దు. వాడు అమాయకుడని, స్కానర్ పనిచెయ్యలేదని, నాన్నకి బీపీ అని రాయాలనిపిస్తుంది. రాయకండి. ఆ ఉత్తరం కూడా ప్రభుత్వ రికార్డే, రేపు దాన్నీ ఎవరైనా అడిగి తీసుకోవచ్చు.

పేరు దగ్గర మాత్రం బద్ధకించకండి, మనవాళ్ల రిక్వెస్టులు ఎక్కువగా తప్పేది అక్కడే. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీ. ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఇచ్చినపేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని కొడతారు, అంటే ఇచ్చినపేరు తెలియదని. అర్ధరాత్రి బుకింగ్ డెస్క్ దగ్గర డిప్యూటీ ఆ ఎఫ్ఎన్‌యూనే పేరుగా ఎక్కించేస్తాడు. వెంకట సత్య సాయి లాంటి మూడు పేర్లుంటే మొదటిదొక్కటే ఉంచుతాడు. ఇంటిపేరు ముందుకీ అసలు పేరు వెనక్కీ పోతాయి. తర్వాత అసలు పేరు పట్టుకుని సిస్టమ్‌లో వెతికితే ‘రికార్డు లేదు’ అని వస్తుంది. అందుకే సాధ్యమైన వరసలన్నీ ఉత్తరంలో రాయండి: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, డ్రైవర్ లైసెన్సులో ఉన్నట్టు, తిరగేసి, ఎఫ్ఎన్‌యూతో. పుట్టిన తేదీని అంకెల్లో మాత్రమే రాయొద్దు. మే 8ని మనం 08/05 అని రాస్తాం, వాళ్లు దాన్ని ఆగస్టు 5 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవ లేదు. కాపీలు వచ్చాక పేరు, తేదీ మళ్లీ సరిచూసుకోండి. కోర్టు కాగితంలో ఒకలా, జైలు కాగితంలో ఇంకోలా ఉంటే అది ఇప్పుడే లాయర్ చేత సరిచేయించుకోవాలి. ఎక్స్‌పంక్షన్ పిటిషన్‌లో పేరు తేడా పడితే ఆర్డర్ వచ్చినా ఒక ఆఫీసు రికార్డు అలాగే మిగిలిపోతుంది.

పంపాక ఏం జరుగుతుంది? ఇవ్వగలిగింది వెంటనే ఇవ్వాలి. పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో రాసి చెప్పాలి. మామూలు కాపీ పేజీకి 10 సెంట్లు. యాభై పేజీల లోపు ఉండే చిన్న రిక్వెస్టుకి సాధారణంగా కూలి ఖర్చు వెయ్యరు. ఖర్చు అంచనా గానీ, ‘ఏది కావాలో స్పష్టంగా చెప్పండి’ అని గానీ మెయిల్ వస్తే వెంటనే జవాబివ్వండి. అంచనాకి పది పనిదినాల్లో మీరు పలక్కపోతే రిక్వెస్టు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఆ మెయిల్ స్పామ్‌లో పడుతుంటుంది, చూసుకోండి.

ఇవ్వకూడదనుకుంటే వాళ్లంతట వాళ్లే ‘ఇవ్వం’ అనేసి ఊరుకోవడానికి టెక్సాస్‌లో లేదు. ముందే తేలిపోయిన కొన్ని రకాలు తప్ప, పది పనిదినాల లోపల రాష్ట్ర అటార్నీ జనరల్‌కి రాసి అనుమతి అడగాలి, అలా రాశామని మీకూ తెలపాలి. ఆ ఆఫీసు 45 పనిదినాల్లో తేలుస్తుంది. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. ఇవ్వాల్సినవాడే ఇవ్వనని చెప్పి, అప్పీలు కోసం వాళ్ల చుట్టూ మనమే తిరిగే పద్ధతి కాదిది.

మీ తమ్ముడి విషయంలో అలా అటార్నీ జనరల్‌కి రాశామన్న ఉత్తరం వచ్చే అవకాశం నిజంగానే ఉంది. 552.108 సెక్షన్‌లో ఒక విచిత్రం ఉంది: శిక్షగానీ డిఫర్డ్ అడ్జుడికేషన్‌గానీ (తీర్పు వాయిదా వేసి షరతులు పెట్టడం) లేకుండా ముగిసిన కేసుల దర్యాప్తు వివరాల్ని పోలీసులు, షెరీఫ్ దాచిపెట్టుకోవచ్చు. అంటే కేసు కొట్టేశారు కాబట్టే పూర్తి రిపోర్టు ఇవ్వమనొచ్చు. అయినా అరెస్టయిన మనిషి, అరెస్టు, ఆరోపించిన నేరం గురించిన ప్రాథమిక సమాచారం ఇచ్చి తీరాలి, దాన్ని ఆపే హక్కు లేదు. ఫోటో ఆ ప్రాథమిక సమాచారంలో భాగం కాదు, కాబట్టి ఒక కౌంటీ అడగ్గానే ఇస్తుంది, పక్క కౌంటీ అటార్నీ జనరల్‌కి రాస్తుంది. 552.023 చూపించినా ఇది మారదు. ఆ సెక్షన్ ప్రైవసీ అడ్డం తీస్తుంది గానీ దర్యాప్తు మినహాయింపుని తీయదు. ఫోటో రాలేదని బెంగపడకండి. వీసా అధికారీ అడగడు, హెచ్ఆర్ వాళ్లూ అడగరు. వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో తమ్ముడిదేనా, పక్కన రాసిన ఆరోపణ సరైనదేనా అని పోల్చుకోవడానికి తప్ప దానితో మీకు పని లేదు.

మీకు నిజంగా కావలసింది కోర్టు కాగితం. 100 డాలర్ల నుంచి 750 లోపు దొంగతనం ఆరోపణ టెక్సాస్‌లో క్లాస్ బి మిస్‌డిమీనర్. గరిష్ఠంగా 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. 100 లోపైతే క్లాస్ సి, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. ముప్పై డాలర్ల తేడాతో మీవాడు ఈ గట్టున పడ్డాడు. క్లాస్ బి కేసుల ఫైళ్లు సాధారణంగా కౌంటీ క్లర్కు దగ్గరుంటాయి. అక్కడ కాజ్ నంబర్ (కోర్టు కేసు నంబర్) చెప్పి అభియోగపత్రం, డిస్మిసల్ ఆర్డర్, కేసు ఎలా ముగిసిందో చూపే డిస్పొజిషన్, ఈ మూడింటికీ సర్టిఫైడ్ కాపీలు అడగండి. కోర్టులకి 552 చాప్టర్ వర్తించదు, కాబట్టి పై ఉత్తరం అక్కడ పంపకండి. నేరుగా వెళ్లండి, లేదా క్లర్కు సైట్‌లో కాపీల రిక్వెస్టు పెట్టండి. ఫోన్‌లో తీసిన ఫోటో, లాయర్ పంపిన పీడీఎఫ్ సర్టిఫైడ్ కాపీ కాదు. ముద్ర, సంతకం ఉన్నది కావాలి. ఒక్కొక్కటీ నాలుగైదు సెట్లు తీసి పెట్టండి. ఒకటి స్టాంపింగ్‌కి, ఒకటి గ్రీన్‌కార్డుకి, ఒకటి పౌరసత్వానికి పోతాయి. ఆ మధ్య పదేళ్లు పట్టినా పట్టొచ్చు, అప్పటికి ఇంకెక్కడా ఆ ఫైలు ఉండదు. పనిలో పనిగా ఎఫ్‌బీఐ నుంచి తన ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ (తన పేరు మీదున్న అరెస్టుల వివరాలు) కూడా తెప్పించుకోమనండి, 18 డాలర్లు. కాన్సులేట్‌వాళ్ల తెర మీద ఏం కనబడుతుందో దాదాపు అదే మీకూ కనబడుతుంది. అందులో డిస్మిసల్ ఎక్కకపోతే ఇప్పుడే ఎక్కించుకోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఫోటో సంగతి కాదు, ‘ఏవో క్లాసులు చేయించారు’ అన్న మాట. అవి ఏ ఏర్పాటు కింద చేయించారో తెలియాలి. ప్రీట్రయల్ డైవర్షన్ అయితే అది ప్రాసిక్యూటర్‌తో ఒప్పందం. సాధారణంగా ఇమిగ్రేషన్ దృష్టిలో కన్విక్షన్ (దోషిగా తేలడం) కాదు. డిఫర్డ్ అడ్జుడికేషన్ అయితే వేరు. దోషినని గానీ, ఆరోపణని ఎదిరించనని (నో కాంటెస్ట్) గానీ జడ్జి ముందు చెప్పి, కోర్టు ఏదో ఒక షరతు విధిస్తే, చివరికి కేసు డిస్మిస్ చేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్ కిందే చూస్తుంది. టెక్సాస్ దృష్టిలో శిక్ష లేనట్టు, ఫెడరల్ దృష్టిలో ఉన్నట్టు. డైవర్షన్‌లోనూ కొన్ని కౌంటీలు నేరం ఒప్పుకుంటూ రాసిన కాగితం మీద ముందే సంతకం పెట్టించుకుంటాయి. అది ఫైల్లో ఉందో లేదో తెలుసుకోవాలి. దొంగతనం అనేది ఇమిగ్రేషన్ లెక్కలో నైతిక పతనపు నేరాల కోవలోకి రావొచ్చు. గరిష్ఠ శిక్ష ఏడాది మించని ఒకే ఒక్క నేరమై, పడిన శిక్ష ఆరు నెలలు దాటకపోతే పెటీ అఫెన్స్ (చిన్న నేరం) మినహాయింపు ఉంది, క్లాస్ బి ఆ లోపలే. కానీ ఈ లెక్క వెయ్యాల్సింది క్రిమినల్ లాయర్ కాదు, ఇమిగ్రేషన్ లాయర్. విదేశీయుడికి దేశబహిష్కారం ముప్పు గురించి క్రిమినల్ లాయరే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు పడీయా కేసులో చెప్పింది. చెప్పడం అయితే జరుగుతోంది, ఎంత వివరంగా అన్నది లాయర్‌ని బట్టి. హెచ్1బీ ఫైల్ చేసేలోపే కోర్టు కాగితాలు చేత పట్టుకుని ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. కంపెనీ లాయర్ కంపెనీ తరఫు మనిషి, మీ సొంతంగా ఒకరిని పెట్టుకోవడమే మంచిది.

ఈలోగా తమ్ముణ్ని పాత మెయిళ్లు వెతకమనండి. అరెస్టు తర్వాత కొందరికి కాన్సులేట్ నుంచి ‘మీ వీసా రద్దు చేశాం’ అని డీఎస్-160లో ఇచ్చిన మెయిల్‌కి వస్తుంది. వీసా రద్దయినంత మాత్రాన అమెరికాలో ఉండే స్టేటస్ పోదు. కానీ ఒకసారి దేశం దాటితే కొత్త వీసా లేకుండా తిరిగి రాలేరు. పెళ్లికో పండగకో టికెట్లు బుక్ చేసే ముందు ఇది తేల్చుకోవాలి. నానక్‌రాంగూడలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అధికారి అడగకముందే కాగితాలు గుట్టగా పెట్టొద్దు. అడిగితే మాత్రం సూటిగా రెండు వాక్యాల్లో చెప్పి డిస్పొజిషన్ చేతికివ్వాలి.

ఎక్స్‌పంక్షన్ సంగతి క్లుప్తంగా. డైవర్షన్ పూర్తి చేసి డిస్మిస్ అయితే చాలాసార్లు అర్హత వస్తుంది. క్లాస్ బి మీద డిఫర్డ్ అడ్జుడికేషన్ అయితే రాదు, రికార్డుని బయటివాళ్ల కంటికి కనబడకుండా చేసే నాన్‌డిస్‌క్లోజర్ ఆర్డర్ మాత్రమే అడగొచ్చు. ఈ నిబంధనలు ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 55వ చాప్టర్‌లో ఉండేవి, 2025 జనవరి 1 నుంచి 55ఏ అయ్యాయి. పాత నంబర్లతో ఎవరైనా నమూనా పిటిషన్ అమ్మజూపితే కొనకండి.

ఇది చదివే మిగతా రాష్ట్రాలవాళ్లు పై ఉత్తరాన్ని అలాగే కాపీ కొట్టొద్దు. న్యూజెర్సీలో చట్టం పేరు ఓప్రా, గడువు ఏడు పనిదినాలు, అరెస్టు రికార్డు చాలాసార్లు మున్సిపల్ పోలీసుల దగ్గరే ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు ఫోటోలు గోప్యం. జార్జియాలో 2014 నుంచి పోలీసులు బుకింగ్ ఫోటోలు సైట్లలో పెట్టకూడదు. డబ్బు తీసుకుని ఫోటో తీసేసే సైట్ల కోసం వాడనని రాసిస్తేనే ఇస్తారు. వర్జీనియా లాంటి కొన్నిచోట్ల ఆ రాష్ట్ర పౌరులకే రికార్డులు అడిగే హక్కు, అది తప్పు కాదని 2013లో సుప్రీంకోర్టే చెప్పింది.

చివరికి ఆ వెబ్‌సైట్, ఆ మెయిల్. డబ్బు కట్టొద్దు. ఒకచోట కడితే ఆ ఫోటో ఇంకో రెండు సైట్లలో తేలుతుంది. ఇలాంటి సైట్ల మీద టెక్సాస్‌లో 2013 నుంచి చట్టముంది, బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 109వ చాప్టర్. అసంపూర్తి, తప్పుడు వివరాలు ప్రచురించకూడదు. ఫిర్యాదు చేస్తే ఉచితంగా సరిచూడాలి. ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ అయ్యాక, ఆ సంగతి తెలిపాక కూడా ఉంచితే ఒక్కో ఉల్లంఘనకి 500 డాలర్ల దాకా, కొనసాగితే ఆ తర్వాత ప్రతి రోజుకీ అంతే. కాబట్టి ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఆ పేజీని తేదీ, అడ్రస్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం, డిస్మిస్ అయిన సంగతి జోడించమని సైట్‌లో ఇచ్చిన చిరునామాకి రాతపూర్వకంగా పంపడం. డబ్బు అడిగిన మెయిల్‌ని డిలీట్ చెయ్యొద్దు, జవాబూ ఇవ్వొద్దు. తీసెయ్యడానికి డబ్బడిగే సైట్ల పేజీల్ని వెతుకులాటలో కనబడకుండా చెయ్యమని గూగుల్‌కి పెట్టుకునే ఫారం వేరే ఉంది, ఆ మెయిలే దానికి సాక్ష్యం. ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ వచ్చాక సర్టిఫైడ్ కాపీతో సైట్‌కి మళ్లీ రాయండి.

నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. ఫోటో ఊళ్లో తిరిగాక ‘షెరీఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ అబ్బాయి మీద వారెంటు ఉంది’ అంటూ వాట్సాప్ కాల్ రావొచ్చు. షెరీఫ్ ఆఫీసువాళ్లు ఇండియాకి ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు, యూపీఐ అడగరు. నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకుని ఫోన్ పెట్టేసి, మీకు చెయ్యమనండి.